గాలాపాగోస్ దీవుల్లో చిన్న నౌక మీద ఒక రోజు: వన్యప్రాణులను తీరిగ్గా చూడటానికి సమగ్ర మార్గదర్శి

అడవిలో జంతువును చూడాలంటే రోజులో ఎక్కువ భాగం వెతుకులాటకే పోతుంది. గాలాపాగోస్‌లో ఆ బాధ లేదు. ఈక్వెడార్ తీరానికి పడమరగా దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలో అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవులివి. నేల మీద వేటాడే పెద్ద మృగాలు ఇక్కడ ఎన్నడూ లేవు. అందుకే మనిషి ఎదురుపడినా ఇగ్వానా అనే పెద్ద బల్లి కదలదు, పక్షి గూడు వదిలి ఎగిరిపోదు.

దానివల్ల ఇంకో ఇబ్బంది వస్తుంది. అన్నీ కళ్లెదుటే ఉండటంతో చాలామంది ఒక ఫొటో తీసుకుని "తర్వాత ఏంటి?" అని ముందుకు వెళ్లిపోతారు. సాయంత్రానికి ఫోన్ నిండా బొమ్మలుంటాయి గానీ, ఏ జంతువు ఎలా బతుకుతోందో మాత్రం తెలియదు. నా సలహా ఒక్కటే: ఏదైనా జంతువు దగ్గర ఆగితే, అది చేస్తున్న పని పూర్తయ్యేదాకా ఆగండి. కింద చెప్పే ప్రతి మెట్టూ అలా ఆగడానికి మీకు సమయం, ఓపిక, అనువైన చోటు మిగిల్చేందుకే.

ఉదాహరణకు పడమటి దీవుల్లో ఒక రోజును తీసుకుంటున్నాను. ఉదయం ఫెర్నాండినా దీవి, మధ్యాహ్నం ఇసబెలా దీవి ఉత్తరపు కొస. మొత్తం దీవుల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మొదటి మెట్టు: నౌక కన్నా ముందు దారి ఎంచుకోండి

బుకింగ్ చేసేటప్పుడు అందరూ గది ఫొటోలు, భోజనాల సంగతి చూస్తారు. మీరు ముందుగా చూడాల్సింది ఆ నౌక ఏ రోజున ఏ దీవి దగ్గర ఆగుతుందన్నది. జాతీయ పార్కు నియమం ప్రకారం ఒక నౌక ఒకే చోటికి 14 రోజుల లోపు మళ్లీ రాకూడదు. అందుకే నౌకల వాళ్లు రెండు వారాల పెద్ద దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో యాత్రగా అమ్ముతారు. మీకు దొరికిన ముక్కలో ఏ దీవులుంటే ఆ జంతువులే కనిపిస్తాయి.

ఇది చిన్న తేడా కాదు. ఎగరలేని నీటికాకి ఫెర్నాండినా తీరంలో, ఇసబెలా ఉత్తర, పడమటి తీరాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. గాలాపాగోస్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షిని గూళ్ల దగ్గర చూడాలంటే ఆగ్నేయ మూలనున్న ఎస్పానోలాకు ఏప్రిల్, డిసెంబరు మధ్య వెళ్లాలి. ఎర్ర కాళ్ల బూబీలు అనే సముద్రపు పక్షులు గుంపులుగా కావాలంటే హెనొవేసా దీవి. ఒకే వారంలో అన్నీ కుదరవు. మీకు ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి.

తర్వాత నౌక సైజు. ఇక్కడ ఏ నౌకలోనూ 100 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. చిన్న నౌకలు చాలావరకు 16 మందివి. ఒక గైడ్ వెంట 16 మంది దాకా వెళ్లవచ్చని నియమం, కాబట్టి అలాంటి నౌకలో అందరూ ఒకే జట్టు. రెండు పడవల్లో ఒకేసారి ఒడ్డుకు చేరతారు, మీ వంతు కోసం ఎదురుచూడక్కర్లేదు. రెండు పొట్టల కాటమరాన్ అలలకు తక్కువ ఊగుతుంది. ఏ నౌకలోనైనా కింది అంతస్తులో మధ్యగా ఉన్న గది తక్కువ కదులుతుంది. అది చవక గది కూడా కావచ్చు, కడుపులో తిప్పే వాళ్లకు మాత్రం అదే మేలు.

కాలం గురించి రెండు మాటలు. డిసెంబరు నుంచి మే దాకా ఎండ, మధ్యమధ్య జల్లులు, కొంచెం వెచ్చని నీళ్లు. జూన్ నుంచి నవంబరు దాకా గరువా అనే మంచు తుంపర, చల్లని నీళ్లు, అలలూ ఎక్కువ. కానీ చల్లని నీళ్లలోనే చేపలు ఎక్కువ, చేపలున్న చోటే పక్షులు, సీల్‌ను పోలిన సీ లయన్లు, తిమింగలాలు. జంతువుల కోసమే వెళ్తుంటే చలికాలాన్ని చూసి వెనకాడకండి.

రెండో మెట్టు: కాగితాలు, సంచి

విమానం గుయాకిల్ లేదా కీటో నుంచి బాల్ట్రాకో, సాన్ క్రిస్టోబాల్‌కో వెళ్తుంది. ఎక్కే ముందు విమానాశ్రయంలోనే 20 డాలర్లకు ప్రయాణ నియంత్రణ కార్డు తీసుకోవాలి. జాతీయ పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు 200 డాలర్లు, 12 ఏళ్ల లోపు పిల్లలకు అందులో సగం. నగదు దగ్గర ఉంచుకోండి, ఈక్వెడార్‌లో వాడేది అమెరికన్ డాలరే. సంచుల్లో పండ్లు, విత్తనాలు, మొక్కలు ఉన్నాయేమోనని తనిఖీ చేస్తారు. దీవుల గడియారం ప్రధాన భూభాగం కన్నా ఒక గంట వెనక ఉంటుంది.

సంచిలో బట్టలు తగ్గించి వీటికి చోటివ్వండి: గరుకు లావా మీద నడవడానికి మంచి పట్టున్న మూసిన బూట్లు, నీళ్లలో దిగడానికి మడమ పట్టీ ఉన్న చెప్పులు, గాలికి ఎగరకుండా తాడున్న టోపీ, ఈతకు పొడుగు చేతుల చొక్కా, నీళ్లు చొరబడని చిన్న సంచి, సొంత నీళ్ల సీసా. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కు ఇక్కడ అనుమతి లేదు. భూమధ్యరేఖ మీది ఎండ మబ్బు పట్టిన రోజు కూడా కాలుస్తుంది, కాబట్టి సన్‌స్క్రీన్ మరవద్దు. అయితే వీపుకు క్రీమ్ కన్నా చొక్కా నయం, నీళ్లలో కలిసేదేమీ ఉండదు.

బైనాక్యులర్స్ తప్పకుండా తీసుకెళ్లండి. ఊగే డెక్ మీద 8 రెట్లు పెద్దగా చూపేవి చాలు, అంతకు మించితే దృశ్యం వణుకుతుంది. కెమెరాకు భారీ లెన్సులు అవసరం లేదు, 70–300 మి.మీ. రకం సరిపోతుంది. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, సందర్శకులకు అనుమతి ఉండదు.

మూడో మెట్టు: ముందు రోజు సాయంత్రం మూడు ప్రశ్నలు

రాత్రి భోజనానికి ముందు గైడ్ మర్నాటి కార్యక్రమం చెబుతారు. ఏ గంటకు ఏమిటో, దిగేది రాతి మెట్ల మీదికా లేక మోకాలి లోతు నీళ్లలోకా అన్నది అప్పుడే తెలుస్తుంది. బూట్లా చెప్పులా అన్నది దాన్ని బట్టే.

మాటలు పూర్తయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. రేపు ఆటు ఎన్ని గంటలకు? ఇప్పుడు ఏ జంతువు జత కడుతోంది, ఏది పిల్లలను సాకుతోంది? నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? మొదటి ప్రశ్నకు అసలైన విలువ ఉంది. సముద్రపు ఇగ్వానాల్లో చిన్నవి, ఆడవి ఆటు సమయంలో బయటపడిన రాళ్ల మీది నాచు తింటాయి, పెద్ద మగవి మునిగి తింటాయి. ఆటు ఎప్పుడో తెలిస్తే ఏ గంటకు ఎటు చూడాలో తెలుస్తుంది.

ఫెర్నాండినాకు చేరే ప్రయాణం చాలావరకు రాత్రి పూటే, అదీ ఎక్కువ దూరం. కడుపులో తిప్పే అలవాటున్న వాళ్లు డాక్టరు సలహాతో తెచ్చుకున్న మాత్రను నౌక కదలకముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

నాలుగో మెట్టు: తెల్లవారేసరికి డెక్ మీద ఉండండి

భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఉదయం 6 ప్రాంతంలోనే తెల్లవారుతుంది, సాయంత్రం 6 ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. ఒడ్డున తిరగడానికి పార్కు అనుమతించేదీ ఆ పగటి గంటల్లోనే. టిఫిన్‌కు ముందున్న సమయం కార్యక్రమంలో రాసి ఉండదు. ఫెర్నాండినా, ఇసబెలా మధ్యనున్న బొలీవర్ జలసంధిలో మాత్రం దాన్ని వదులుకోకూడదు.

కారణం సముద్రం అడుగున ఉంది. క్రామ్‌వెల్ ప్రవాహం అనే చల్లని నీటి ధార భూమధ్యరేఖ వెంట లోతుల్లో పడమర నుంచి తూర్పుకు పారుతుంది. దారిలో ఈ దీవుల పాదాలకు తగిలి పైకి లేస్తుంది. అడుగునున్న పోషకాలు వెలుగులోకి రావడంతో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి కోసం చేపలు, చేపల కోసం మిగతావన్నీ చేరతాయి. భూమధ్యరేఖ దగ్గర పెంగ్విన్లు బతకగలుగుతున్నాయంటే ఈ చల్లని నీళ్ల చలవే.

ముందు బైనాక్యులర్స్ లేకుండా వెడల్పుగా చూడండి. పక్షులు ఒకచోట సుడి తిరుగుతూ నీళ్లలోకి దూకుతుంటే కింద చేపల గుంపు ఉన్నట్టు. నీటి మీద తెల్లని ఆవిరి చిమ్మి మాయమైతే తిమింగలం. ఆ చోటును గుర్తుపెట్టుకుని, అప్పుడు బైనాక్యులర్స్ ఎత్తండి.

ఒకసారి ఒడ్డు వైపూ చూడండి. ఫెర్నాండినా అంటే లా కుంబ్రే అనే ఒకే అగ్నిపర్వతం, సముద్రం మీదికి 1,400 మీటర్లకు పైగా లేచింది. 2024 మార్చిలో కూడా లావా కక్కింది. ఎదురుగా ఉన్న ఇసబెలా ఆరు అగ్నిపర్వతాలు ఒకదానితో ఒకటి కలిసిపోగా ఏర్పడిన దీవి. అందులోని వోల్ఫ్ శిఖరం 1,707 మీటర్లతో మొత్తం దీవుల్లో ఎత్తయినది. భూగర్భం నుంచి లావా పైకి వచ్చే వేడి స్థానం దాదాపు ఉన్నచోటే ఉంటుంది, దాని మీదున్న భూమి పైపొర ముక్క, నాజ్కా ఫలకం, తూర్పుకు జరుగుతుంది. అందుకే తూర్పు దీవులు లక్షల ఏళ్ల నాటి పాతవి, పడమటివి ఇంకా తయారవుతున్నవి.

ఐదో మెట్టు: పంగా ఎక్కడం, దిగడం

నౌక నుంచి ఒడ్డుకు తీసుకెళ్లే చిన్న పడవను ఇక్కడ పంగా అంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కెమెరా సంచిలో ఉండాలి. పడవవాడి అరచేతిని కాదు, మోచేతి కింది భాగాన్ని పట్టుకోండి, అతనూ మీది అలాగే పట్టుకుంటాడు. తడి చేయి జారినా ఆ పట్టు జారదు. అల పడవను పైకి లేపినప్పుడు అతను చెబుతాడు, అప్పుడే అడుగు వేయండి. ఎక్కగానే కూర్చుని, మిగతావారికి చోటిస్తూ జరగండి.

ఆరో మెట్టు: పుంటా ఎస్పినోసాలో నడక

ఫెర్నాండినాలో ఒడ్డుకు దిగే చోటిది. రోజు మొత్తానికి గుండెకాయ ఈ రెండు గంటలు. పంగా మడ చెట్ల మధ్య నుంచి వెళ్లి రాతి మీద దింపుతుంది. దిగగానే తల ఎత్తకండి, ముందు కాళ్ల దగ్గర చూడండి. సముద్రపు ఇగ్వానాలు లావా రంగులోనే ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. ఇక్కడ అడుగు పెట్టేముందు ప్రతిసారీ చూసుకోవాల్సిందే. ఇసుక మెత్తగా ఉన్న చోట వాటి గుడ్ల గుంతలు ఉండవచ్చు, గుర్తులున్న దారి దాటవద్దు.

ఏ జంతువుకైనా కనీసం 2 మీటర్ల దూరం పాటించాలి. అదే మీ వైపు వస్తే కదలకుండా నిలబడండి, లేదా మెల్లగా వెనక్కి జరగండి. తాకకూడదు, తిండి పెట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు, గవ్వ గానీ రాయి గానీ తీసుకోకూడదు. గైడ్ లేకుండా ఒంటరిగా తిరగడం కుదరదు. గైడ్ ఆగిన ప్రతి చోటా ఒకే జంతువును ఎంచుకుని దాన్నే చూడండి. గుంపులో చివరి వరుసలో నిలబడితే తొందరపెట్టేవాళ్లుండరు, జట్టును వదిలినట్టూ కాదు.

ఇగ్వానాల దగ్గర ఏం చూడాలి? ఇవి సముద్రంలో మేత మేసే ఏకైక బల్లి జాతి. పొద్దున్నే రక్తం చల్లగా ఉంటుంది, అందుకే ఎండకు ఒళ్లు పరిచి పడుకుంటాయి. వేడెక్కాక వాటి దిశ మారుతుంది. సూర్యుడికి ఎదురుగా తిరిగి, ఛాతీ ఎత్తి, తక్కువ ఎండ తగిలేలా కూర్చుంటాయి. ఓపిగ్గా చూస్తే ఈ మార్పు మీకే కనిపిస్తుంది. ఉన్నట్టుండి ముక్కులోంచి తెల్లని తుంపర చిమ్ముతాయి. నాచుతో పాటు లోపలికి వెళ్లిన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథులు వేరుచేసి బయటికి తోసేస్తాయి. తలల మీద తెల్లని పొర ఆ ఉప్పే. సముద్రాన్ని వేడెక్కించే ఎల్‌నినో వచ్చి నాచు కరువైన ఏళ్లలో వీటి ఒళ్లు పొడవులో కూడా కుంచించుకుపోతుందని, మేత దొరికాక మళ్లీ పెరుగుతుందని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు.

తర్వాత నీటి అంచున నీటికాకుల కోసం చూడండి. ఎగరడానికి కావలసిన దాంట్లో దాదాపు మూడో వంతు సైజు రెక్కలే వీటికి మిగిలాయి. తరిమే మృగం లేని చోట, తిండి ఒడ్డు పక్కనే దొరికే చోట ఎగరాల్సిన పని లేకపోయింది. ఈదడానికి కాళ్లు మాత్రం బలిష్ఠంగా ఉంటాయి. నీళ్లలోంచి రాగానే ఆ చిరిగినట్టున్న రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి. అక్కడితో ఫొటో తీసి వెళ్లిపోవద్దు. గూటి మీద ఒక పక్షి కూర్చుని ఉంటే జతగాడు వచ్చేదాకా ఆగండి. వచ్చేటప్పుడు నోట నాచు పోగు పట్టుకొస్తుంది, గూటిలోది దాన్ని అందుకుని ఎక్కడ పెట్టాలో సర్దుకుంటుంది. పిల్ల కొంచెం పెద్దదయ్యాక తల్లి దాన్ని తండ్రికి వదిలి, మరో జతను వెతుక్కుంటూ వెళ్లడం కూడా వీటిలో మామూలే.

ఒంటరిగా పడుకున్న సీ లయన్ పిల్ల కనిపిస్తే జాలిపడి దగ్గరికి వెళ్లకండి. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, తిరిగొచ్చి గొంతునూ వాసననూ బట్టి తన పిల్లను పోల్చుకుంటుంది. మనిషి వాసన అంటితే దానికే కష్టం. నీటి అంచున అరుస్తూ అటూ ఇటూ ఈదే పెద్ద మగదానికి మాత్రం 2 మీటర్లు కాదు, ఇంకా చాలా దూరం ఇవ్వండి.

నడక మలుపులో లావాను కూడా చూడండి. ఒకచోట అది పేనిన తాడులా మడతలు పడి నున్నగా ఉంటుంది, పక్కనే పదునైన ముక్కల గుట్ట. మొదటి రకం పలుచగా పారి చల్లారింది, రెండోది చిక్కగా కదిలి విరిగింది. ఏమీ లేని ఆ రాతి పగుళ్లలో ముందుగా మొలిచేది లావా కాక్టస్. కొత్త కొసలు పసుపు, పాతవి బూడిద రంగు. దాని పక్కన చిన్న లావా బల్లి ముందు కాళ్ల మీద ఒంటిని పైకీ కిందికీ ఆడిస్తుంటే, అది తన హద్దు చెప్పుకుంటోందని అర్థం. పైన గాలాపాగోస్ డేగ ఉండవచ్చు. ఈ డేగల్లో చాలాచోట్ల ఒక ఆడదానితో పలు మగవి కలిసి ఒకే గూటిని చూసుకుంటాయి.

ఏడో మెట్టు: నీళ్లలోకి

నౌకకు తిరిగొచ్చి, చిన్న విరామం తర్వాత స్నార్కెలింగ్, అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటం. పడమటి దీవుల నీళ్లు భూమధ్యరేఖ దగ్గరి నీళ్లలా ఉండవు, వణికిస్తాయి. చలి ఆపే రబ్బరు దుస్తు, వెట్‌సూట్ వేసుకోండి. గరువా కాలమైతే నౌకలో 5 మి.మీ. మందం ఉన్నది ఉందేమో అడగండి. మాస్కును ముందే, నౌక దగ్గర నీళ్లలో తలముంచి సరిచూసుకోండి. వెంట్రుక అడ్డుపడి నీళ్లు కారితే మిగతా సమయమంతా దానితోనే సరిపోతుంది. ఈత అంతగా రాకపోతే లైఫ్ జాకెట్ అడగండి, దిగే ముందే గైడ్‌కు చెప్పండి. ఇందులో మొహమాటం వద్దు.

దిగిన మొదటి నిమిషం ఈదకండి. చలికి ఊపిరి వేగంగా వస్తుంది, అది కుదురుకునేదాకా తేలుతూ ఉండండి. ఆ తర్వాత కూడా కాళ్లకు తొడిగిన ఫిన్స్ మెల్లగా, నీళ్ల కిందే ఆడించండి. సముద్రపు తాబేలు కనిపిస్తే పక్కగా, దాని వేగంతోనే వెళ్లండి. పైనుంచి, ఎదురుగా వెళ్లకూడదు. అది ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి, ఆ దారికి మనం అడ్డు కాకూడదు. పెంగ్విన్ వెంట పడటం దండగ, అందదు. కదలకుండా ఉంటే చేపల గుంపు చుట్టూ తిరుగుతూ మీ పక్కనుంచే దూసుకుపోతుంది. సీ లయన్ పిల్లలు మీ మొహం దాకా వచ్చి ఆడతాయి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. ఇగ్వానా నీటి అడుగున రాతిని గోళ్లతో పట్టుకుని నాచు కొరుకుతుంటే చూడటం అరుదైన అదృష్టం. కానీ అవి మేసే చోట అలల తాకిడి ఎక్కువ, రాళ్లకు దూరంగా ఉండే చూడండి. చలి పుడితే వెంటనే చేయి ఎత్తండి, పంగా వస్తుంది.

ఎనిమిదో మెట్టు: మధ్యాహ్నం

నౌక తర్వాతి చోటికి సాగుతుంది. తక్కువ తినండి, నీళ్లు ఎక్కువ తాగండి, అరగంట పడుకోండి. ఇంత దూరం వచ్చి నిద్రా అనుకోవద్దు. అలసిన కళ్లకు సాయంత్రం పెంగ్విన్ కూడా రాయిలానే కనిపిస్తుంది.

తొమ్మిదో మెట్టు: పుంటా విసెంటే రోకా దగ్గర పంగాలో

సముద్రపు గుర్రం ఆకారంలో ఉన్న ఇసబెలాకు నోటి దగ్గర ఉండే చోటిది. భూమధ్యరేఖకు ఆనుకుని ఉంటుంది. ఇక్కడ ఒడ్డుకు దిగనివ్వరు, పడవలోంచే చూడాలి. పక్కనున్న ఎక్వడార్ అనే అగ్నిపర్వతం పడమటి భాగం ఎప్పుడో సముద్రంలోకి జారిపోయింది. మిగిలిన కొండచరియలో లావా పొరలు కోసి పెట్టినట్టు కనిపిస్తాయి.

పడవవాణ్ని మోటార్ ఆపమని గైడ్ ద్వారా అడగండి. నిశ్శబ్దంగా తేలుతుంటే చరియల మీది బూబీల అరుపులు విడివిడిగా వినిపిస్తాయి. నీలి కాళ్ల బూబీల్లో మగది ఈల వేస్తుంది, ఆడది బొంగురుగా అరుస్తుంది. నీటి దగ్గరి రాళ్ల మీద దాదాపు అర మీటరు ఎత్తున్న పెంగ్విన్లు ఉండవచ్చు. ఎండలో అవి రెక్కలు ముందుకు వంచి నిలబడితే పాదాల మీద నీడ పడటం కోసం. ప్రపంచంలో భూమధ్యరేఖకు ఉత్తరాన సహజంగా బతికే పెంగ్విన్లు ఇవే, ఈ కొస చుట్టూ ఉన్నవే.

నీడ పడిన రాతి సందుల్లో కూడా వెతకండి, ఫర్ సీల్స్ అక్కడే ఉంటాయి. సీ లయన్ కన్నా పొట్టి మూతి, పెద్ద కళ్లు, దట్టమైన బొచ్చు. ఇవి ఎక్కువగా రాత్రి వేటాడతాయి, పగలు నిద్రపోతాయి, కాబట్టి మాటలు తగ్గించండి. నీటి మీద ఒక రెక్క అటూ ఇటూ వాలుతూ కనిపిస్తే సొరచేప అని కంగారు పడకండి. అది సన్‌ఫిష్ అనే పెద్ద చేప కావచ్చు, చూడాలంటే మోటార్ ఆపే ఉంచాలి.

పదో మెట్టు: రాత్రికి ముందు

నౌకకు చేరగానే మంచినీళ్లతో మాస్క్, వెట్‌సూట్ కడగండి. కెమెరాను తడిపి పిండిన గుడ్డతో తుడవండి, ఉప్పు ఆరిపోతే బటన్లు పట్టేస్తాయి. తర్వాత ఒక పది నిమిషాలు నోట్‌బుక్‌లో రాయండి. జంతువుల పేర్ల జాబితా వద్దు, చూసిన పనులు రాయండి: ఏ గంటకు ఇగ్వానా దిశ మార్చింది, నీటికాకి ఎన్నిసార్లు నాచు తెచ్చింది. అర్థం కానివాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, భోజనం దగ్గర గైడ్‌ను అడగండి. పొద్దుటి నుంచి అందరూ అడిగింది "దాని పేరేంటి" అనే కాబట్టి, మీ ప్రశ్నకు వాళ్లు సంతోషంగా కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

పడుకునే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, దీన్ని మాత్రం ఎవరికీ వదిలేయకండి. బూట్ల అడుగు భాగం, సాక్సులు, సంచి జిప్పులు, ప్యాంటు మడతలు వెతికి ఇసుక, విత్తనాలు దులిపేయండి. బయటి నుంచి వచ్చిన క్షీరదాలు స్థిరపడని పెద్ద దీవిగా ఫెర్నాండినాకు పేరుంది. 1906 తర్వాత కనిపించక అంతరించిందనుకున్న అక్కడి భూతాబేలు జాతిలో ఒక ఆడది 2019లో సజీవంగా దొరికింది. అది ఇన్నాళ్లు బతికిన దీవికి పక్క దీవి గడ్డి గింజ మీ బూటుతో చేరకూడదు. బూట్లను నౌకవాళ్లు చెప్పిన చోట కడిగి ఆరబెట్టండి, గదిలో దొర్లిపోయే వస్తువులన్నీ సొరుగులో పెట్టేయండి. లంగరు ఎత్తేసరికి మాత్ర వేసుకుని పడుకోండి.